తక్కువ శ్రేణి గేర్లలో నాలుగు చక్రాల చోదక ట్రాక్టర్లు: పొలంలో వేగ పరిమితి నిర్ణయం

వరి మాగాణులలోను, నల్లరేగడి నేలలలోను నాలుగు చక్రాల చోదక ట్రాక్టర్ల వాడకం పెరుగుతోంది. ఈ ట్రాక్టర్ల విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న "ఏ గేరులో నడపాలి?" అన్నది. "లో రెండవ గేరు" వంటి సమాధానం సులభమే గాని, శాస్త్రీయం కాదు. గేరు సంఖ్య వేగాన్ని తెలపదు. ఒక నమూనాలో లో రెండవ గేరు గంటకు 3 కి.మీ. వేగం ఇస్తే, మరొక నమూనాలో అదే సంఖ్య గల గేరు 4 కి.మీ. ఇవ్వవచ్చు. కావున సిఫారసును గంటకు కి.మీ.లలో చెప్పి, దానికి సరిపోయే గేరును ట్రాక్టర్‌ను బట్టి ఎంచుకొనేటట్లు చేయాలి. తక్కువ శ్రేణిలో వేగ పరిమితిని నిర్ణయించే అంశాలను, పొలంలోనే దానిని కొలిచే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

తక్కువ శ్రేణి చేసే పని

ఇంజన్ సామర్థ్యం టార్క్, భ్రమణ వేగాల లబ్ధంపై ఆధారపడుతుంది. హై–లో లీవరును "లో" స్థానంలో ఉంచినపుడు చక్రం వేగం ఎంత తగ్గుతుందో, చక్రం వద్ద టార్క్ దాదాపు అంత పెరుగుతుంది. సామర్థ్యం మాత్రం పెరగదు.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. వెనుక చక్రం ఒక చుట్టుకు 4.2 మీటర్లు సాగుతుందని, ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదని అనుకొంటే, గంటకు 3 కి.మీ. వేగం వద్ద చక్రం నిమిషానికి సుమారు 12 చుట్లు మాత్రమే తిరుగుతుంది. అంటే మొత్తం గేరు నిష్పత్తి సుమారు 168. ఇంజన్ టార్క్ 150 న్యూటన్ మీటర్లయితే, ప్రసార నష్టాలు పోను చక్రాల అంచున లభించే బలం 3 టన్నుల బరువుకు మించి ఉంటుంది. ట్రాక్టర్ మొత్తం బరువే 2 నుండి 2.5 టన్నులు అయినపుడు ఇంత బలాన్ని నేల పట్టి ఉంచలేదు. అనగా తక్కువ శ్రేణిలో లాగుడుకు హద్దు ఇంజన్ కాదు, నేల పట్టు. ఇంజన్‌లో ఇంకా శక్తి ఉన్నట్లు తోచినా చక్రం జారిపోవడానికి, లేదా ముందు భాగం పైకి లేవడానికి కారణం ఇదే.

మొదటి పరిమితి: చక్రాల జారుడు

నాగలి, కల్టివేటర్ వంటి లాగుడు పనిముట్లకు జారుడు శాతమే ప్రధాన కొలమానం. దుక్కి నేలలలో సుమారు 8 నుండి 15 శాతం జారుడు వద్ద ట్రాక్టర్ లాగుడు సామర్థ్యం మెరుగ్గా ఉంటుంది. నాలుగు చక్రాల చోదకంలో ఇది ఈ పరిధిలోని దిగువ భాగంలో ఉండడం మేలు. రబ్బరు టైర్ల ట్రాక్టర్లకు లాగుడు పరీక్షలలో 15 శాతం జారుడునే పై హద్దుగా పాటిస్తారు. జారుడు పెరిగిన కొద్దీ డీజిల్ నేలను రుద్దడానికే ఖర్చవుతుంది. తేమ గల నల్లరేగడిలో చక్రం కింది మట్టి నునుపుదేరి నీరు ఇంకే రంధ్రాలు మూసుకుపోతాయి.

వేగానికి, జారుడుకు సంబంధం పనిముట్టు ద్వారా ఏర్పడుతుంది. రెక్క నాగలికి అవసరమైన లాగుడు బలంలో ఒక భాగం వేగం వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. కల్టివేటర్‌కు ఈ పెరుగుదల వేగానికి అనుపాతంగా ఉంటుంది. కావున నాగలి జారుడు హద్దు దాటినపుడు లోతు తగ్గించడం గాని, వేగం తగ్గించడం గాని చేయాలి. యాక్సిలేటర్ మరింత తొక్కడం పరిష్కారం కాదు.

రెండవ పరిమితి: పని నాణ్యత

దమ్ములో విరివిగా వాడే రోటావేటర్ విషయం వేరు. బ్లేడ్లు ప్రయాణ దిశలోనే తిరుగుతూ ట్రాక్టర్‌ను ముందుకు నెడతాయి. కావున ఇక్కడ జారుడు కంటే ఒక్కొక్క బ్లేడు కోసే మట్టి ముక్క పొడవు ముఖ్యం. నిమిషానికి ప్రయాణించే దూరాన్ని, రోటార్ చుట్లు, ఒక ఫ్లాంజికి ఒక వైపున గల బ్లేడ్ల లబ్ధంతో భాగిస్తే ఈ పొడవు వస్తుంది. రోటార్ 200 చుట్లు, ఒక వైపు 3 బ్లేడ్లు ఉన్నపుడు గంటకు 3 కి.మీ. వేగంలో ముక్క పొడవు 8.3 సెం.మీ., 5 కి.మీ. వేగంలో 13.9 సెం.మీ.

ఇక్కడ డ్రైవర్లలో ఒక అపోహ ఉంది. యాక్సిలేటర్ తగ్గించి నెమ్మదిగా నడిపితే మట్టి మెత్తబడుతుందని భావిస్తారు. పి.టి.ఓ., చక్రాలు రెండూ ఒకే ఇంజన్‌తో తిరుగుతున్నందున ఇంజన్ వేగం తగ్గితే రోటార్ వేగం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ముక్క పొడవు మారదు. మట్టి మెత్తబడాలంటే పి.టి.ఓ. వేగాన్ని నిర్దేశిత స్థాయిలో ఉంచి, గేరును తగ్గించాలి. తక్కువ శ్రేణి ప్రయోజనం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వేగం తగ్గితే ఎకరాలు తగ్గుతాయన్న వాదన కూడా పూర్తిగా సరికాదు. 1.8 మీటర్ల వెడల్పు గల రోటావేటర్ 5 కి.మీ. వేగంలో గంటకు సిద్ధాంతరీత్యా 0.9 హెక్టారు చేస్తుంది. గడ్డలు మిగిలి రెండవసారి తిప్పవలసి వస్తే అది 0.45 హెక్టారుకు పడిపోతుంది. 3 కి.మీ. వేగంలో ఒకేసారి పని పూర్తయితే 0.54 హెక్టారు లభిస్తుంది. ఎకరాకు కిరాయి తీసుకొనే చోట డ్రైవరు వేగంగా నడపడానికే మొగ్గు చూపుతాడు. రెండవ సాలు ఖర్చు రైతుపై పడుతుంది. ఈ లెక్కను రైతుకు, డ్రైవరుకు ఇద్దరికీ వివరించడం అవసరం.

మూడవ పరిమితి: భద్రత

తక్కువ శ్రేణిలో వేగం తక్కువ గనుక ప్రమాదం తక్కువ అనుకోవడం పొరపాటు. బురదలో వెనుక చక్రాలు కూరుకుపోయి తిరగలేని స్థితిలో క్లచ్ ఒక్కసారిగా వదిలితే, యాక్సిల్ టార్క్ చక్రాన్ని తిప్పలేక ట్రాక్టర్ ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టర్ వెనక్కు తిరగబడడానికి సుమారు ఒక సెకను చాలు. డ్రైవరు స్పందించి క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. వెనుక చక్రాలకు దుంగను కట్టి ముందుకు కదిలించే ప్రయత్నం ఈ కారణంగానే ప్రాణాంతకం. ముందు చక్రాల చోదకం, ముందు యాక్సిల్ అదనపు బరువు ఈ ముప్పును తగ్గిస్తాయి గాని, తొలగించవు. కూరుకుపోయినపుడు పనిముట్టును పి.టి.ఓ. నుండి విడదీసి, రివర్స్ గేరులో నిదానంగా వెనక్కు రావడం, సాధ్యం కాకపోతే మరొక ట్రాక్టర్‌తో లాగించడం శ్రేయస్కరం. లాగే గొలుసును డ్రాబారుకే తగిలించాలి. టాప్ లింకుకు ఎట్టి పరిస్థితిలోను తగిలించరాదు.

గట్లు, కాలువ ఒడ్లు దాటేటపుడు గట్టుకు లంబంగా, అతి తక్కువ గేరులో దాటాలి. దిగుడులో క్లచ్ తొక్కడం, గేరు మార్చడం చేయరాదు. ఇంజన్ నిరోధమే ట్రాక్టర్‌ను అదుపులో ఉంచుతుంది. అనేక ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉన్నందున, దిగుడులో ముందు చోదకాన్ని కలిపి ఉంచితే ముందు చక్రాలు కూడా నిరోధంలో పాలుపంచుకుంటాయి.

పొలం దాటి తారు రోడ్డు ఎక్కిన వెంటనే ముందు చోదకాన్ని విడదీయాలి. ఈ ట్రాక్టర్లలో ముందు చక్రాల అంచు వేగం వెనుక చక్రాల కంటే సుమారు 1 నుండి 5 శాతం ఎక్కువగా ఉండేటట్లు రూపొందిస్తారు. మెత్తని నేలలో ఈ తేడా జారుడు రూపంలో సర్దుకుంటుంది. గట్టి రోడ్డుపై సర్దుకోలేక టైర్లు అరుగుతాయి, గేర్లపై ఒత్తిడి పెరుగుతుంది. టైర్లు మార్చినపుడు పరిమాణం తేడా వస్తే ఇదే నష్టం పొలంలోనూ కలుగుతుంది.

పొలంలో కొలిచే పద్ధతి

వేగం: గట్టుపై 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, పని చేస్తున్న ట్రాక్టర్ ఆ దూరం దాటే కాలాన్ని సెకన్లలో గుర్తించాలి. 72ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కి.మీ. వస్తుంది. 24 సెకన్లయితే వేగం 3 కి.మీ.

జారుడు: వెనుక చక్రంపై సుద్దతో గుర్తు పెట్టి, పనిముట్టును పైకెత్తి 10 చుట్లకు సాగిన దూరాన్ని, తరువాత పనిలో 10 చుట్లకు సాగిన దూరాన్ని అదే పొలంలో కొలవాలి. మొదటిది 42 మీ., రెండవది 37 మీ. అయితే జారుడు 12 శాతం, ఆమోదయోగ్యం. రెండవది 31.5 మీ. అయితే 25 శాతం. అప్పుడు లోతు లేదా వేగం తగ్గించాలి, లేదా నేల ఆరేవరకు ఆగాలి. దమ్ములో జారుడు దుక్కిలో కన్నా ఎక్కువగా ఉండడం సహజం. అక్కడ ఈ కొలతను ఒకే మడిలో రెండు గేర్లను పోల్చడానికి వాడాలి.

గేరు ఎంపిక: మధ్యప్రదేశ్‌లోని బుధ్ని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్ పరీక్ష నివేదికలలోను, తయారీదారు కరదీపికలోను ఒక్కొక్క గేరులో లభించే వేగాల పట్టిక ఉంటుంది. కావలసిన వేగాన్ని ముందుగా నిర్ణయించి, ఆ పట్టికలో దానికి దగ్గరగా ఉన్న గేరును ఎంచుకోవాలి.

ముగింపు

తక్కువ శ్రేణిలో అనుమతించదగిన వేగం ఒకే సంఖ్య కాదు. జారుడు, పని నాణ్యత, భద్రత ఈ మూడూ విడివిడిగా ఒక్కొక్క హద్దు చూపుతాయి. వాటిలో అతి తక్కువదే ఆ పొలానికి, ఆ రోజుకు వేగ పరిమితి. లోతు, తేమ, విత్తన మోతాదులకు ఇచ్చే ప్రాధాన్యం వేగానికి కూడా ఇచ్చి, ప్రదర్శన క్షేత్రాల రికార్డులలో గేరు సంఖ్యకు బదులు గంటకు కి.మీ. నమోదు చేసినపుడే ఒక గ్రామంలో వచ్చిన ఫలితాన్ని మరొక గ్రామంలో, మరొక ట్రాక్టర్‌తో పొందడం సాధ్యమవుతుంది.