వంతులు ఎవరికి వేయాలి?
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: అల్జీమర్స్ వ్యాధి ఉన్న అత్తగారిని ముగ్గురు కొడుకులూ నాలుగేసి నెలల వంతున గుంటూరు, హైదరాబాదు, విశాఖపట్నంలో ఉంచుకుంటున్నారు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆమె పరిస్థితి దిగజారుతోంది. సాయంత్రం కాగానే చీరలు మూట కట్టుకుని ‘మా ఇంటికి పోతాను’ అంటూ గుమ్మంలో నిలబడుతోంది. దీనికి మందు ఉందా?
– రెండో కోడలు, హైదరాబాదు

జవాబు: ఆస్తి పంచుకున్న కొడుకులు తల్లిదండ్రులను కూడా నెలల లెక్కన పంచుకోవడం తెలుగునాట పాత పద్ధతే; భారం ఒక్కరి మీదే పడకూడదన్న న్యాయం అందులో ఉన్నందున దానిని పూర్తిగా తప్పుపట్టడానికి వీల్లేదు. అయితే మతి నిలకడగా ఉన్న వృద్ధురాలి విషయంలో చెల్లిన ఆ ఏర్పాటు డిమెన్షియాలో చెల్లదు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా క్షీణించే స్థితి. దానికి దారితీసే వ్యాధుల్లో అల్జీమర్స్ ప్రధానమైనది. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఈ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది కనుక, కొత్త ఇంట్లో స్నానాలగది ఎటు ఉందో పదిసార్లు చూపించినా ఆమెకు గుర్తుండదు. ఏళ్ల తరబడి తిరిగిన ఇంట్లోనైతే కాళ్లకు అలవాటైన దారి ఇంకా కొంతకాలం పనిచేస్తుంది. ఏడాదికి మూడుసార్లు ఇల్లు మార్చడమంటే మిగిలి ఉన్న ఆ ఒక్క ఆసరానూ మూడుసార్లు తీసివేయడమే.

పొద్దు వాలే వేళ కలత పెరగడాన్ని వైద్యులు సన్‌డౌనింగ్ అంటారు. చీకటి పడకముందే దీపాలు వేయడం, పగటినిద్ర తగ్గించడం, ‘ఇదే మీ ఇల్లు’ అని వాదించకుండా ఆమె చెప్పే ఇంటి పెరడు గురించో పాడి గురించో నాలుగు మాటలు అడగడం కొంత ఉపశమనం ఇస్తాయి. ఆమె మనసులో ఉన్నది పుట్టిల్లో, భర్త బతికి ఉన్ననాటి ఇల్లో కావచ్చు. ఆ ఇంటికి ఏ బస్సూ పోదు. అయితే కలత ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా ముదిరితే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా మొదలుపెట్టిన మందో కారణమై ఉండవచ్చు. డెలీరియం అనే ఈ స్థితిలో ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

ఇక మందు సంగతి. డోనెపెజిల్, మెమాంటిన్ వంటివి కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి తప్ప వ్యాధిని నయం చేయవు. మూడు ఊళ్ల ప్రయాణానికి విరుగుడు వాటిలో దేనిలోనూ లేదు. ఆమెను ఒకే ఇంట ఉంచి వంతులు మనుషులకు వేయాలి. మిగిలిన ఇద్దరు కొడుకులు తమ భార్యలను పంపి ఊరుకోకుండా తామే వచ్చి స్నానం, మలమూత్రాలు, రాత్రి జాగారం చూడాలి. రాలేని నెలలకు ఆయా జీతం భరించాలి. ఎవరు ఎప్పుడు వస్తారో కాగితం మీద రాసుకోవాలి. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారికి చాకిరీ చేస్తున్నవారు ఆ లెక్కలోకి రారు. తెలుగు ఇళ్లలో ఆ చాకిరీ చేసే స్త్రీని ‘దేవతలాంటి కోడలు’ అనడం పరిపాటి. ఆ పొగడ్తకు ఖర్చు లేదు కనుకనే అది అంత ధారాళంగా దొరుకుతుంది.

ప్రశ్న: నాన్నగారు చెప్పిందే చెబుతున్నారు, డబ్బు ఎక్కడ పెట్టారో మరిచి పనిమనిషిని అనుమానిస్తున్నారు. ఇది చాదస్తమా, జబ్బా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఛందస్సును, అంటే వేదాన్ని, పట్టుకుని ఉండేవాడు ఛాందసుడు, ఆ మాటలోంచి పుట్టిన చాదస్తం నేడు ముసలివారి ప్రతి మార్పునూ కప్పిపెట్టే దుప్పటిగా మారింది, ఆ దుప్పటి కింద చికిత్సకు అనువైన కాలం గడిచిపోతోంది. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మందగించడం, కుంగుబాటు, తలకు దెబ్బ తగిలి మెదడు పొరల కింద రక్తం చేరడం, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపును తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పెద్దాయనను న్యూరాలజిస్టుకు గాని మానసిక వైద్యుడికి గాని ఈ నెలలోనే చూపించడం అవసరం. పనిమనిషికి క్షమాపణ చెప్పడం కూడా అవసరమే.

ప్రశ్న: జ్ఞాపకశక్తి కోసం టీవీలో ప్రకటించే లేహ్యం వాడవచ్చా?
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: డిమెన్షియాను నయం చేస్తుందని రుజువైన లేహ్యం ఏదీ లేదు.

ప్రశ్న: భార్య ఒకే మాట రోజంతా అడుగుతూ ఉంటే, మొన్న రాత్రి ఆమె మీద చెయ్యి చేసుకోవడం జరిగింది. ఇది క్షమించదగినదేనా?
– విశ్రాంత ఉద్యోగి, తిరుపతి

జవాబు: కొట్టడం తప్పే, మళ్లీ జరగకూడదు, అయితే దీనిని ఒక మనిషి దుర్మార్గంగా కాక ఒంటరి చాకిరీ పరాకాష్ఠగా చూడాలి. డిమెన్షియా ఉన్నవారి కుటుంబాల కోసం 1981లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథానికి నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ ‘ముప్ఫై ఆరు గంటల రోజు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడంలోనే విషయమంతా ఉంది. కోపం కట్టలు తెగుతోందని తోచగానే, ఆమెకు ప్రమాదం లేకుండా చూసి, ఐదు నిమిషాలు పక్కగదిలోకి వెళ్లడం ఆమెను విడిచిపెట్టడం కాదు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయవాణి 14567. వారానికి రెండు పూటలైనా మరొకరు వచ్చి కూర్చునే ఏర్పాటు లేకుండా ‘ఇక కొట్టను’ అని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నిలవవు. ఈ సంగతి బంధువులకు చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ప్రశ్న: అమ్మ ఆరేళ్ల కిందట జనరల్ పవరాఫ్ అటార్నీ రాసి ఇచ్చింది. ఇప్పుడు ఆమెకు మతి లేదు. ఆ పత్రంతో స్థలం అమ్మవచ్చా?
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆ పత్రాన్ని నమ్ముకుని అమ్మకూడదు. అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం (ఏజెన్సీ) ముగుస్తుందని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ చెబుతోంది. సంరక్షకుడి నియామకానికి న్యాయవాది ద్వారా కోర్టును ఆశ్రయించాలి. వ్యాధి తొలిదశలో ఉన్న కుటుంబాలు విల్లు, నామినేషన్లు, ఉమ్మడి ఖాతాల పని పెద్దవారికి తెలివి ఉండగానే, వారి ఇష్టప్రకారమే పూర్తిచేసుకోవాలి.

ప్రశ్న: వీడియోకాల్‌లో ‘ఎవరో చెప్పు’ అని అడిగితే అమ్మ కొడుకును గుర్తుపట్టడం లేదు. ప్రతినెలా డబ్బు పంపుతున్నా, దగ్గరుండి చూస్తున్న చెల్లెలు సరిగా మాట్లాడటం లేదు.
– ఒక కుమారుడు, డల్లాస్

జవాబు: ‘ఎవరో చెప్పు’ అనేది ప్రేమ రూపంలో పెట్టే పరీక్ష, అందులో తప్పిన ప్రతిసారీ ఆ తల్లికి అవమానం మిగులుతుంది, కాల్ ముగిశాక ఆమె బెంగను సముదాయించే పని చెల్లెలి మీద పడుతుంది. పేరూ వరసా తామే చెప్పి, పాత పాటో పండగ సంగతో ఎత్తుకోవడం మేలు. పేరు మరిచినవారికి కూడా పరిచితమైన గొంతు ఊరట ఇవ్వవచ్చు. డబ్బు పంపడం వంతులో సగమే. ఏడాదిలో మూడు వారాలు వచ్చి తల్లి దగ్గర తానే ఉండి, చెల్లెలిని ఆ ఇంటి నుంచి పంపించడం మిగిలిన సగం. టికెట్టు కొనేముందు ఏ తేదీలైతే వీలో చెల్లెలిని అడగాలి.