కాట్స్‌వోల్డ్స్ కొండలలో సైకిలు యాత్ర



ఒక ఊరు ఆ స్థలంలోనే ఎందుకు వెలసినది? దాని ఇళ్ళకు ఆ రంగు ఎలా వచ్చినది? ఇటువంటి ప్రశ్నలకు సమాధానాలు పుస్తకాలలో మాత్రమే కాదు, నేల మీద కూడా వ్రాసి ఉంటాయి. వాటిని చదవడానికి తగిన వాహనం సైకిలు. కారు వేగంగా దాటిపోతుంది. నడకకు చాలా రోజులు పడుతుంది. సైకిలు యాత్రికుడు ఒక్క రోజులో నాలుగైదు ఊళ్ళు చేరి, ప్రతి ఊరిలోనూ దిగి చూడగలడు. ఈ పాఠంలో ఇంగ్లండు దేశపు కాట్స్‌వోల్డ్స్ కొండలలో అటువంటి యాత్ర ఎలా ఉంటుందో తెలుసుకుందాం. ఆ దారికీ మన పూర్వికుల తోటలకూ గల సంబంధాన్ని చివరలో చూద్దాం.

1. కొండల స్వరూపం

కాట్స్‌వోల్డ్స్ లండను నగరానికి పడమటి దిక్కున ఉన్నవి. ఇవి మహాపర్వతాలు కావు. అన్నిటికంటె ఎత్తైన క్లీవ్ హిల్ 330 మీటర్లు మాత్రమే. ఒక పుస్తకాన్ని బల్ల మీద ఉంచి, ఒక అంచు కింద చిన్న కర్ర పెట్టండి. ఆ వైపు నిటారుగా లేచి, రెండవ వైపు మెల్లగా వాలుతుంది కదా! ఈ కొండలు కూడా అంతే. పడమటి వైపు ఏటవాలు ఎక్కువ. తూర్పు వైపు నేల మెల్లగా దిగుతుంది. విండ్‌రష్, కోల్న్ మొదలైన నదులు ఆ వాలు వెంట ప్రవహించి థేమ్స్ నదిలో కలుస్తాయి. నది వెంట సాగినంతసేపు ప్రయాణం సుఖం. ఒక లోయ నుండి మరొక లోయకు పోవలెనంటే మధ్యనున్న మిట్టను ఎక్కక తప్పదు.

2. కొండ ఎక్కే ఉపాయం

వంద మీటర్ల దూరంలో దారి పది మీటర్లు పైకి లేస్తే దానిని పది శాతం వాలు అంటారు. బరువైన సంచులతో అటువంటి వాలు ఎక్కడానికి బలం ఒక్కటే చాలదు, గేర్లు కావలెను. పెడలు దగ్గర ముందు పళ్ళచక్రం, వెనుక చక్రం మధ్యలో వెనుక పళ్ళచక్రం ఉంటాయి. రెండింటికీ 30 పళ్ళు ఉంటే, పెడలు ఒకసారి తిరిగినప్పుడు వెనుక చక్రం కూడా ఒకసారి తిరుగుతుంది. అప్పుడు సైకిలు సుమారు 2.1 మీటర్లు సాగుతుంది. ముందు 48, వెనుక 12 పళ్ళు ఉంటే చక్రం నాలుగుసార్లు తిరిగి, సైకిలు సుమారు 8.4 మీటర్లు పోతుంది. మొదటిది ఎక్కడానికి, రెండవది చదును నేలకు తగినది. దూరం తగ్గించుకున్నవాడికి శ్రమ తగ్గుతుంది. కొండ ఎక్కేవాడు తొందరపడకూడదని పెద్దలు చెప్పినది ఇక్కడ లెక్కతో సహా తెలుస్తుంది.

దిగేటప్పుడు మలుపు రాకముందే రెండు బ్రేకులు మెల్లగా నొక్కి వేగం తగ్గించవలెను. ఇంగ్లండులోనూ మన దేశంలో వలెనే రోడ్డుకు ఎడమ వైపున నడపవలెను. 1878లోనే అక్కడ సైకిలు యాత్రికులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ప్రమాదకరమైన కొండదారుల మొదట హెచ్చరిక పలకలు నిలిపించిన వారిలో ఆనాటి సైకిలు సంఘాలవారు ఉన్నారు.

3. తేనె రంగు రాయి

ఈ ప్రాంతంలో ఇల్లు, గుడి, వంతెన, పొలం గోడ అన్నీ ఒకే రాతితో కట్టినవి. అది సున్నపురాయి. పదహారు, పదిహేడు కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ లోతు తక్కువైన వెచ్చని సముద్రం ఉండేది. ఆ నీటిలో చేపగుడ్ల వంటి చిన్న చిన్న రేణువులు ఏర్పడి, పేరుకొని, గట్టిపడి రాయి అయినవి. అందులోని ఇనుము వల్ల దానికి తేనె రంగు వచ్చినది. ఇంటి కప్పులకు కూడా రాతి పలకలే. పెద్ద పలకలు చూరు వైపు, చిన్నవి కొప్పు వైపు పేరుస్తారు. పొలాల గోడలలో సున్నం గాని సిమెంటు గాని లేదు. రాయి మీద రాయి పేర్చిన నేర్పే వాటిని నిలబెట్టుచున్నది.

4. ఉన్ని కట్టిన ఊళ్ళు

చిప్పింగ్ క్యామ్‌డెన్ నుండి బైబరీ వరకు సుమారు 50 కిలోమీటర్ల యాత్రను ఊహించుకోండి.

చిప్పింగ్ అనే పాత ఇంగ్లీషు మాటకు సంత అని అర్థం. ఆ ఊరి నడివీధిలో 1627లో కట్టిన సంత మంటపం నేటికీ ఉన్నది. అక్కడ నుండి దక్షిణంగా పోతే, కొండ మీద స్టో అనే ఊరు వస్తుంది. అనేక దారులు అక్కడ కలుస్తాయి. వాటిలో ఒకటి రోమనులు వేసిన ఫాస్ వే. పల్లెదారి పొలాలను చుట్టుకొని వంకరలు తిరుగుతుంది. రోమనుల దారి కొండను కూడా లెక్కచేయక తిన్నగా పోతుంది. ఒకటి పశువులతో నడిచినవారు వేసినది, మరొకటి సైన్యం కోసం వేసినది.

స్టోలో విశాలమైన సంతవీధి, దానిలోకి వచ్చే ఇరుకైన సందులు ఉన్నవి. గొర్రెల మందలను ఆ సందుల గుండా తోలి తెచ్చి, లెక్కపెట్టి అమ్మేవారట. మధ్యయుగంలో ఈ కొండల గొర్రెల ఉన్ని ఇటలీ వరకు ఎగుమతి అయినది. నార్త్‌లీచ్ ఊరి పెద్ద చర్చి ఆ ఉన్ని వర్తకుల ధనంతో కట్టినదే. అందులోని ఇత్తడి సమాధి పలకలలో వర్తకుల పాదాల చెంత గొర్రెలు, ఉన్ని మూటలు చెక్కి ఉన్నవి. తమ సంపద ఎక్కడ నుండి వచ్చినదో వారు దాచలేదు.

యాత్ర చివర బైబరీ. ఇక్కడ వరుసగా ఉన్న చిన్న రాతి ఇళ్ళు సుమారు 1380లో ఉన్ని నిలువ చేయడానికి కట్టిన కొట్లు. పదిహేడవ శతాబ్దంలో వాటిని నేతగాళ్ళ ఇళ్ళుగా మార్చారు. నేసిన బట్టను ఎదుట ఉన్న పచ్చిక బయలులో ఆరవేసేవారు.

తరువాత ఉన్ని పరిశ్రమ బొగ్గు, యంత్రాలు సమృద్ధిగా గల యార్క్‌షైరుకు తరలిపోయినది. ఊళ్ళు పేదవైనవి. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టడానికి ధనం లేక అవి అలాగే మిగిలినవి. ఆనాటి పేదరికమే వాటిని కాపాడినది. 1966లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రకృతి ప్రదేశంగా ప్రకటించినది.

5. టైరు, తోట, మనం

ఇప్పుడు మన సైకిలు టైరును చూడండి. తొలి సైకిళ్ళకు గాలి టైర్లు లేవు. రాతిదారి మీద ఒళ్ళు హూనమయ్యేది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు టైర్లు తయారుచేశాడు. త్వరలోనే సైకిళ్ళకు, ఆపై కార్లకు ఎంత రబ్బరైనా చాలని కాలం వచ్చినది. అంతకుముందే, 1877లో, బ్రెజిలు జాతి రబ్బరు మొక్కలు సింగపూరుకూ, అక్కడ నుండి మన కౌలా కంగ్సారుకూ చేరి ఉన్నవి. వాటి సంతతి తోటలుగా విస్తరించినది. ఆ తోటలలో పని చేయడానికి విశాఖ, గోదావరి ప్రాంతాల నుండి కూడా కుటుంబాలు ఓడలెక్కి వచ్చినవి. కొందరు కొబ్బరి తోటలకు చేరగా, కొందరు చీకటితోనే లేచి రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీశారు. అంటే, దూరదేశపు కొండదారులలో హాయిగా సాగిన సైకిళ్ళ కింద మన తాతముత్తాతల చెమట కూడా ఉన్నది.

బైబరీ నేతగాళ్ళ ఇళ్ళను నేడు జనం దూరదేశాల నుండి వచ్చి చూస్తున్నారు. నేను పుట్టిన ఎస్టేటు లైను ఇళ్ళు మాత్రం నేడు లేవు. అక్కడ ఆయిల్ పామ్ చెట్లు ఉన్నవి. ఆ ఇళ్ళు చెక్కవి, రాతివి కావు. కాబట్టి వాటిని కాపాడవలసినది మన జ్ఞాపకం, మన వ్రాత. పెద్దలు ఉన్నప్పుడే అడగవలెను.

కొత్త పదాలు

వాలు: నేల ఒక వైపునకు దిగి ఉండడం
చూరు: ఇంటి కప్పు కింది అంచు
కొప్పు: ఇంటి కప్పు పై అంచు
సంత: నియమిత దినాలలో జరిగే అంగడి

ప్రశ్నలు

1. ముందు పళ్ళచక్రానికి 36, వెనుక దానికి 12 పళ్ళు ఉంటే, పెడలు ఒకసారి తిప్పినప్పుడు సైకిలు సుమారు ఎంత దూరం పోతుంది?
2. పది శాతం వాలు గల దారిలో 300 మీటర్లు పోతే ఎంత ఎత్తు ఎక్కుతాము?
3. పేదరికం ఆ ఊళ్ళను ఎలా కాపాడినది? మీ మాటలలో వ్రాయండి.

చేయవలసిన పని

మీ తాతగారిని గాని, మామ్మగారిని గాని వారు పెరిగిన తోటను గురించి అడగండి. లైను ఇళ్ళు, గుడి, బడి, నీటి కొళాయి, తెల్లవారుజామున పనివారి పేర్లు పిలిచిన స్థలం ఎక్కడెక్కడ ఉండేవో వారు చెప్పినట్లు పటం గీయండి. వీలైతే పెద్దలను వెంటబెట్టుకొని సైకిలు మీద ఆ చోటికి వెళ్ళి, మిగిలినవేవో చూసి గుర్తు పెట్టండి. పటం కింద చెప్పినవారి పేరు, తేదీ తెలుగులో వ్రాయడం మరువకండి.