ఏఐ కోర్సుకు అప్పు చేసే ముందు ఒకసారి కర్నల్ వైపు చూడండి

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు తల్లిదండ్రులు ఈ మధ్య అడిగే ప్రశ్న ఒకటే: "మా పిల్లోన్ని హైదరాబాదులో ఏఐ కోర్సులో చేర్పిస్తే జాబ్ గ్యారంటీ అంట గదా సార్?" ఇదే ప్రశ్న ఒకప్పుడు జావా గురించి వచ్చేది. తర్వాత టెస్టింగ్, ఆ తర్వాత డేటా సైన్స్. బోర్డు మీద పేరు మారింది, ఫీజు పెరిగింది, నమ్మకం మాత్రం అలాగే ఉంది. కొత్త పేరున్న చోట డబ్బు కడితే ఉద్యోగం వస్తుందన్న ఆ నమ్మకం తప్పు. ఆ డబ్బు ఎక్కడిదో తెలుసు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. వానలు లేక ఊరు విడిచి, గుంటూరు వైపు మిరప చేలకు సుగ్గికి పోయి, గుడారాల్లో పడుకుని తెచ్చుకున్న డబ్బు అది.

ఏఐ మీద నాకు కోపం లేదు. ఆ ఏఐ నడిచేది ఎక్కడ? దాదాపు అంతా లినక్స్ సర్వర్ల మీదే. ఆ సర్వర్ మొరాయిస్తే లోపలికి వెళ్లి ఏం జరుగుతోందో చూడగలిగేవాళ్లు తక్కువ. అందుకే చదువు మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు నేను ముందుగా లినక్స్ లోపలి పనే సూచిస్తాను. అందులోనూ ఈబీపీఎఫ్, దాని మ్యాపులు. పేరు కొత్తగా ఉన్నా విషయం అర్థమయ్యేదే.

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కర్నల్. నడుస్తున్న కర్నల్‌ను ఆపకుండా, తిరిగి తయారు చేయకుండా, దానిలో చిన్న ప్రోగ్రాములు ఎక్కించే పద్ధతే ఈబీపీఎఫ్. అలెక్సీ స్టారోవోయిటోవ్ చేసిన ఈ పని 2014 డిసెంబరులో విడుదలైన లినక్స్ 3.18తో అందరి చేతికీ వచ్చింది. ఆ ప్రోగ్రాములు తమ లెక్కలు రాసుకునే చోటే మ్యాప్. ఆదోని పత్తి యార్డులో కమీషన్ ఏజెంటు చిట్టాలో లాట్ నంబరు చూస్తే పక్కనే తూకం, ధర కనిపించినట్టు, మ్యాప్‌లో ఒక కీ ఇస్తే దాని వాల్యూ దొరుకుతుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్ ఎంత డేటా వాడిందో లెక్క నిలిచేది ఇలాంటి మ్యాపుల్లోనే. ఫేస్‌బుక్ డేటా సెంటర్లకు వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్ల మధ్య పంచే కట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వీటి మీదే నడుస్తుంది.

ఈ మ్యాపులను టెర్మినల్ నుంచి చూడడానికి, మార్చడానికి ఒక ఉచిత పనిముట్టు ఉంది. పేరు బీపీఎఫ్‌టూల్. లినక్స్ 4.15 నుంచి కర్నల్ సోర్సుతో పాటే వస్తోంది. 'బీపీఎఫ్‌టూల్ మ్యాప్ షో' అని కొడితే ఆ యంత్రంలో ఉన్న మ్యాపులన్నీ కనిపిస్తాయి: ఐడీ, రకం, కీ ఎన్ని బైట్లు, వాల్యూ ఎన్ని బైట్లు, మొత్తం ఎన్ని వరుసలు పడతాయి అన్నీ. 'డంప్' అంటే లోపలున్నదంతా చూపిస్తుంది. 'లుకప్' ఒక్క కీని వెతుకుతుంది, 'అప్‌డేట్' విలువ మారుస్తుంది, 'డిలీట్' తీసేస్తుంది. ఇందుకు రూట్ అధికారం కావాలి.

ఇక్కడే అసలు చదువు బయటపడుతుంది. నాలుగు బైట్ల కీలో 1 అనే అంకె రాయాలి. బీపీఎఫ్‌టూల్‌కు దాన్ని బైటు బైటుగా ఇవ్వాలి. మన మామూలు ల్యాప్‌టాప్ చిన్న బైటును ముందు పెట్టుకుంటుంది కాబట్టి 1, 0, 0, 0 అని రాయాలి. పుస్తకంలో అంకె రాసినట్టు 0, 0, 0, 1 అని కొడితే అది 1 అవ్వదు, 1,67,77,216 అవుతుంది. హ్యాష్ రకం మ్యాప్ అయితే తప్పు కీతో కొత్త వరుస చడీచప్పుడు లేకుండా పుట్టుకొస్తుంది. అదే 'ఎగ్జిస్ట్' అనే మాట చివర చేర్చి ఉంటే, ఉన్న కీని తప్ప కొత్తదాన్ని అది ఒప్పుకునేది కాదు. అర్రే రకం మ్యాప్‌లో డిలీట్ అసలు పనిచేయదు, ఎందుకో ఆలోచించాలి. ఒక్కో సీపీయూకు వేరే విలువ ఉంచే మ్యాపులో ఒకే కీకి ఇన్ని జవాబులు ఎందుకొచ్చాయో చెప్పగలగాలి. ఇలాంటి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే కుర్రాడికి మెమరీ అంటే ఏమిటో, డేటా స్ట్రక్చర్ అంటే ఏమిటో తెలిసినట్టే. ఏ కాలేజీ అని అతన్ని నేనైతే అడగను.

ఇంకో సంగతి కూడా పిల్లలు గుర్తుంచుకోవాలి. ఈబీపీఎఫ్ ప్రోగ్రామును కర్నల్ లోపలి వెరిఫయర్ పరీక్షించాకే నడవనిస్తుంది. మ్యాప్‌లో మనం చేత్తో రాసిన విలువ సరైనదో కాదో మాత్రం అది చూడదు. ఏ ఐపీ అడ్రసులను అడ్డుకోవాలో మ్యాప్‌లో ఉంటే, అక్కడ ఒక అంకె మార్చిన క్షణం నుంచే ఫలితం మొదలవుతుంది. 2024 జూలై 19న విండోస్ కర్నల్‌లో నడిచే ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తప్పు ఫైలు వెళ్తే ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలిపోయాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇంత లోతున పనిచేసేవాళ్లకు జాగ్రత్తే మొదటి అర్హత. కాబట్టి సాధన వర్చువల్ మెషీన్‌లోనే చేయండి. కాలేజీ సర్వర్ మీద, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన కంపెనీ సర్వర్ మీద చేయి పెట్టకండి.

ఇక ఉచ్చుల సంగతి. కోచింగ్ వాళ్లు చేతికి ఇచ్చే కాగితాల్లో ఫీజు రసీదు ఒకటైతే, ఫైనాన్స్ కంపెనీ లోను పత్రం ఇంకొకటి. నాన్న సంతకం రెండో దాని మీద ఉంటుంది. పిల్లవాడు నచ్చక కోర్సు మధ్యలో మానేసినా ఈఎంఐ ఆగదు. సంతకం పెట్టే ముందు చదువుకున్న బంధువు ఎవరిచేతనైనా ఆ కాగితం పూర్తిగా చదివించండి. 'జాబ్ గ్యారంటీ' అంటే ఏ కంపెనీలో, ఎంత జీతానికి, రాకపోతే డబ్బు ఎన్నాళ్లకు తిరిగిస్తారో రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల మాటలు అక్కడే ఆగిపోతాయి.

దీనికంటే ఘోరం దొంగ ఎక్స్‌పీరియన్స్. చేయని ఉద్యోగానికి రెండు మూడేళ్ల సర్టిఫికెట్ పుట్టించి, ఇంటర్వ్యూలో పక్కనుంచి ఎవరో జవాబులు అందిస్తారు. కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ రికార్డులు చూస్తున్నాయి. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తు దాకా వెంటాడుతుంది. డిపాజిట్ కట్టించుకుని చేర్చుకునే 'బ్యాక్‌డోర్' ఉద్యోగాల జోలికి అసలే వెళ్లొద్దు. డబ్బు తీసుకుని జీతం ఇచ్చే కంపెనీ ఎక్కడా ఉండదు. రేపు ఈబీపీఎఫ్ పేరుతో కూడా ఎవరైనా బోర్డు పెడితే, వాళ్లకూ ఒక్క రూపాయి ఇవ్వకండి. దీనికి కోచింగ్ అక్కర్లేదు.

కావలసింది పాత ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు, సీ భాష, ఓపిక. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ మైథిలి వూటుకూరు పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌పీటెల్‌లోనూ మంచి పాఠాలున్నాయి. కర్నల్ డెవలప్‌మెంట్ మీద లినక్స్ ఫౌండేషన్ ఉచిత ప్రారంభ కోర్సు నడుపుతోంది. బీపీఎఫ్‌టూల్ మాన్యువల్ పేజీలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు రోజుకు ఒక పేజీ చొప్పున నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినా చాలు, నెల తిరిగేసరికి భయం పోతుంది. బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

ఈబీపీఎఫ్ అని పేరు పెట్టి పిలిచే ఉద్యోగాలు తక్కువేనని ముందే చెబుతున్నాను. దారి లినక్స్ సపోర్టుతో, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్‌తో మొదలై నెట్‌వర్క్, క్లౌడ్, ఎంబెడెడ్ వైపు వెళ్తుంది. మొదటి జీతం చిన్నదిగా ఉండవచ్చు. కర్నల్ సోర్సులో ఒక చిన్న తప్పు దిద్ది పంపితే, దాన్ని పరిశీలించేవాళ్లు ఊరూ కాలేజీ అడగరు. అంగీకరిస్తే ఆ మార్పు పక్కన మీ పిల్లవాడి పేరు ఎవరైనా చూడగలిగేలా నిలిచిపోతుంది. ఇంటర్వ్యూలో నాలుగు సర్టిఫికెట్ల కంటే అదే ఎక్కువ బరువు తూగుతుంది.

అయితే ఇది అందరి దారీ కాదు. పక్కింటి అబ్బాయి బెంగళూరులో ఉన్నాడని, కంప్యూటర్ మీద మనసే లేని అమ్మాయిని సీఎస్‌ఈలో కూర్చోబెట్టే తల్లిదండ్రులను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఆమెకు నర్సింగో, అగ్రికల్చరో, టీచర్ ట్రైనింగో నచ్చితే అదే చదవనివ్వండి.

ఆసక్తి ఉన్న పిల్లలకు మాత్రం, ఏ ఫీజూ కట్టకుండా ముందు మూడు నెలలు ఇంట్లోనే సమయం ఇవ్వండి. ఆ మూడు నెలల్లో తనంతట తాను లినక్స్ ఎక్కించుకుని, ఒక మ్యాప్ తెరిచి, అందులో ఒక విలువ సరిగ్గా మార్చి, ఏం జరిగిందో మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే సుగ్గి డబ్బుతో కోచింగ్ ఫీజు కట్టకండి, మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి.