పాత కంప్యూటర్‌తో ఒక ఆదివారం



మూలన పడిన పాత కంప్యూటర్‌ను తూకానికి వేసే ముందు మీ పిల్లలతో కలిసి ఈ ప్రయోగం చేయండి.

ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ ఉచితం. దాన్ని డౌన్‌లోడ్ చేసి ఖాళీ సీడీలోకి రాయండి. కంప్యూటర్ ఆ సీడీతోనే ఆన్ అవుతుంది. హార్డ్ డిస్క్‌లోని మీ ఫోటోలు, ఫైళ్ల జోలికి వెళ్లకుండానే పని చేసుకోవచ్చు.

హార్డ్ డిస్క్ బీరువా అయితే, ర్యామ్ చదువుకునే బల్ల. పప్పీ మొత్తం ఆ బల్ల మీదే సర్దుకుంటుంది. అందుకే వేగం. కానీ మనం చేర్చే ప్రతి ప్రోగ్రాం బల్ల మీద కొంత చోటు తీసుకుంటుంది. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో 'ఫ్రీ' అని టైప్ చేస్తే, ఎంత వాడామో, ఎంత మిగిలిందో కనిపిస్తుంది.

ఇప్పుడు మీ బిడ్డనే అడగండి: "నీ చదువుకు ఏవి కావాలి? ఏవి తీసేద్దాం?" కావాల్సినవి ఉంచి, 'రీమాస్టర్' సాధనంతో సొంత సీడీ తయారు చేయించండి.

గుర్తుంచుకోండి: ఆపేటప్పుడు సేవ్ చేయకపోతే ఆ రోజు పని పోతుంది.

ఉన్నంతలో సర్దుకోవడం కూడా చదువే.