పండుగ వాసన నిలవాలంటే
సందేహాలు - సమాధానాలు

ఇంటిల్లిపాదీ కూర్చుని వాసన బిళ్ళలు, చుక్కలు, తోరణాలు చేయడం గురించి పాతబస్తీ నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాను. పండుగలు వేరైనా చాలామంది అడిగింది ఒకటే: చేసినప్పుడు ఘుమఘుమలాడిన వాసన ఆ తర్వాత ఎందుకు ఉండటం లేదని.

• మా పాపను బడిలో క్రిస్మస్ చెట్టుకు కట్టడానికి ఇంట్లో చేసిన చుక్కలు తెమ్మన్నారు. దాల్చినచెక్క పొడి, ఆపిల్ సాస్, ఆరిస్ వేరు పొడి కావాలని ఎక్కడో చూశాను. ఇవన్నీ ఇక్కడ దొరుకుతాయా?
- ఒక తల్లి, గౌలిపుర

ఆపిల్ సాస్ కొనకండమ్మా. ఆపిల్‌ను చెక్కుతీసి ఉడికించి, మెత్తగా మెదిపి, పలచని బట్టలో వేసి నీళ్ళు పిండేస్తే అదే గుజ్జు. మచ్చలు పడి పిల్లలు వదిలేసిన పండైనా పనికొస్తుంది. ఆరిస్ వేరు పొడిని ఐరోపాలో వాసనను పట్టి ఉంచడానికి కలుపుతారు. మనం ఆ పని గంధ కచ్చూరాలతో చేసుకోవచ్చు. సున్నిపిండిలోకి కొంటాం చూడండి, అవే. మూలికల దుకాణంలో అడిగితే ఇస్తారు.

ఒక కప్పు దాల్చినచెక్క పొడికి రెండు చెంచాల కచ్చూరాల పొడి, సుమారు ముప్పావు కప్పు గుజ్జు పడుతుంది. గుజ్జు ఒక్కసారే వేయకుండా కొద్దికొద్దిగా కలుపుతూ చపాతీ ముద్దకన్నా గట్టిగా చేయండి. ముద్ద విరిగిపోతుంటే చెంచాడు తుమ్మబంక నీళ్ళు చేర్చండి. పీట మీద మైదా చల్లితే ఎండాక తెల్లటి మరకలు కనిపిస్తాయి. దాల్చిన పొడే చల్లి పావు అంగుళం మందంతో ఒత్తండి. చుక్కలు కోశాక స్ట్రాతో రంధ్రం చేయండి. ఎండేటప్పుడు బిళ్ళ ముడుచుకుంటుంది, రంధ్రమూ చిన్నదవుతుంది. అందుకే సన్న పుల్లతో చేసిన రంధ్రంలో తర్వాత దారం దూరదు.

ఆరబెట్టడంలో తొందరపడవద్దు. జాలీ మీద పరిచి, నీడలో ఫ్యాన్ కింద ఉంచి, పూటకోసారి తిరగేస్తూ రెండు మూడు రోజులు ఆగండి. ఒకే వైపు ఆరితే అంచులు పైకి లేస్తాయి. ఓవెన్ ఉంటే 90 - 95 డిగ్రీల దగ్గర రెండు గంటల్లో అయిపోతుంది. సన్నని పొరల సిలోన్ చెక్కను దీనికి వాడి ఖర్చు పెంచుకోకండి. మందపాటి మామూలు చెక్క ఘాటుగా ఉంటుంది, ఈ పనికి అదే మేలు.

• రంజాన్ పండుగకు అట్టతో నెలవంకలు చేసి, అత్తరు రాసి గుమ్మానికి కడతాం. పొద్దున రాస్తే సాయంత్రానికి వాసన పోతోంది. దుకాణదారు మోసం చేశాడా?
- ఒక అన్నాచెల్లెళ్ళ జంట, శాలిబండ

మోసం అనడానికి ముందు అట్టను అనుమానించండి. అట్ట నూనెను పీల్చుకుని ఎక్కువ మేర పరిచేస్తుంది. అలా పరచుకున్న అత్తరు గాలికి త్వరగా ఎగిరిపోతుంది. మీ తాతగారు అత్తరును దూది ఫాయాకు అద్ది చెవి మడతలో పెట్టుకునేవారేమో గుర్తు తెచ్చుకోండి. గట్టిగా చుట్టిన ఆ కాస్త దూది నూనెను లోపల దాచుకుని, ఒంటి వేడికి మెల్లగా వదులుతుంది. మీ నెలవంకకూ అలాంటి చోటు ఒకటి కావాలి.

ఇక వాసనల తీరు చూద్దాం. నారింజ తొక్క వాసనకు మూలమైన లిమొనీన్ 176 డిగ్రీలకే మరుగుతుంది. లవంగంలోని యూజెనాల్‌కు 254, గంధపు చెక్కలోని శాంటలాల్‌కు సుమారు 300 డిగ్రీలు కావాలి. మరిగే వేడి ఎంత ఎక్కువైతే మామూలు గాలిలో అంత నిదానంగా ఆవిరవుతుందని స్థూలంగా అనుకోవచ్చు. నిమ్మ, నారింజ ముందు వెళ్ళిపోతాయి, పూల వాసనలు వాటి వెనకే పోతాయి. గంధం, వట్టివేరు, ఊద్, సాంబ్రాణి ఆగుతాయి. కన్నౌజ్‌లో సంప్రదాయ పద్ధతిలో అత్తరు తీసేవారు రాగి డేగ్‌లో పూలు ఉడికించి, ఆ ఆవిరిని భప్కా అనే పాత్రలోని గంధపు నూనెలోకి పంపేది ఇందుకే. గులాబీ ఒంటరిగా నిలవదు, గంధం దాన్ని పట్టుకుంటుంది. గంధపు నూనె ప్రియమయ్యాక చాలా అత్తరుల్లో దాని బదులు పారఫిన్ లాంటి నూనెలు వచ్చాయి. చార్మినార్, పత్తర్‌గట్టి వైపు దుకాణాల్లో అడిగేటప్పుడు "గులాబ్ ఇవ్వండి" అనకండి. "ఇందులో కింద ఏ నూనె ఉంది?" అని అడగండి. తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు.

ఇప్పుడు పని. గంధపు పొడి ఒక పాలు, వట్టివేళ్ళ పొడి ఒక పాలు తీసుకోండి. ఆ పొడి పొడిగా ఉండగానే అత్తరు చుక్కలు వేసి వేళ్ళతో నలపండి. ముందే నీళ్ళు పోస్తే నూనె కలవదు. నలిపిన పొడిని గాజు సీసాలో బిగించి వారం రోజులు అలమరలో వదిలేయండి. పిల్లలకు ఈ వారమే కష్టం, అయినా మూత తీయనివ్వకండి. తర్వాత అగరొత్తులవాళ్ళు వాడే జిగట్ పొడి కొంచెం చేర్చి, గులాబీ నీళ్ళతో ముద్ద చేసి నెలవంకలు అచ్చు వేయండి. గంధపు పొడి ఖరీదనిపిస్తే పూత వేయని మట్టి బిళ్ళలు కుమ్మరి దగ్గర చేయించుకుని, వెనక వైపు మాత్రమే అత్తరు అద్దండి. కాల్చిన మట్టి దాన్ని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది.

ఈ విద్య దక్కనుకు కొత్త కాదు. రెండో ఇబ్రహీం ఆదిల్‌షా (1580 - 1627) ఏలిన రోజుల్లో బీజాపూరులో పరిమళాల తయారీ మీద 'ఇత్ర్-ఎ-నౌరస్‌షాహీ' అని ఒక గ్రంథమే వచ్చింది. ఆనాడు కొలువులో సాగిన పనిని మీరు వంటింట్లో చేస్తున్నారు. అత్తరు తెచ్చి రాయడంతో సరిపెట్టకుండా పొడి నలపడం నుంచి పిల్లలను కూర్చోబెట్టండి. ఏ వాసన ఎంతసేపు ఉంటుందో వాళ్ళ ముక్కుకే తెలిసిపోతుంది.

• లాల్‌దర్వాజ బోనాలకు గుమ్మానికి కట్టిన లవంగం, గంధం బిళ్ళలకు వారంలోనే బూజు పట్టింది. ఎండలో పెడితే వాసన పోయింది. ఏం చేయాలి?
- ఒక గృహిణి, లాల్‌దర్వాజ

ఆషాఢంలో ముద్ద బిళ్ళలు చేయకండి. మన దగ్గర వానాకాలపు గాలిలో అవి లోపలిదాకా ఆరవు. ఎండలో పెడితే నూనెలు ఆవిరైపోతాయి, అదీ మీరు చూశారు. ఆ రోజులకు వట్టివేళ్ళున్నాయి. మిగతావాటికి తేమ శత్రువైతే వట్టివేరుకు తేమే ప్రాణం. ఎండినప్పుడు ముడుచుకుని ఉన్న వాసన, చిలకరింత పడగానే లేస్తుంది. వేళ్ళను నానబెట్టి మెత్తబడ్డాక పిల్లలతో జడల్లా అల్లించండి. చుట్ట చుట్టి దారంతో బిగించి, మధ్యమధ్య వేపమండలు, పసుపు పూసిన దారాలు కట్టి తోరణం చేయండి. రాత్రి మాత్రం గాలి ఆడేచోట ఆరనివ్వాలి, ఎప్పుడూ తడిగా ఉంటే అదీ కుళ్ళుతుంది. లవంగాల బిళ్ళలు దీపావళి దాటాక, చలిగాలి తగిలాక మొదలుపెట్టండి.

• ఇంట్లో ఏడాదిన్నర మనవడు, ఆయాసం ఉన్న మనవరాలు ఉన్నారు. కోడలు కర్పూరం బిళ్ళలతో దండలు చేస్తానంటోంది. పరవాలేదా?
- ఒక నాయనమ్మ, చాంద్రాయణగుట్ట

వద్దని చెప్పండి పెద్దమ్మా. మీ మాట వినేలా గట్టిగానే చెప్పండి. కర్పూరం తెల్లగా చక్కెర బిళ్ళలా ఉంటుంది, పసివాడు నోట్లో పెట్టుకుంటాడు. కొంచెం మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. బట్టల్లో పెట్టే నాఫ్తలీన్ ఉండలూ ఈ పనికి కూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అవి ఎర్ర రక్తకణాలను విరిచేస్తాయి.

ఆయాసం ఉన్న పాప దగ్గర దాల్చిన పొడి జల్లించడం, లవంగాలు దంచడం చేయకండి. సన్నని ధూళి గాలిలో లేస్తుంది. ఆమె లేని గదిలో పొడి తడిపి ముద్ద చేశాక పిలవండి, అచ్చులు ఆమె వేస్తుంది. పడకగదిలో మాత్రం ఏ వాసనా కట్టకండి. గాఢమైన నూనెల సీసాలు పసివాడికి అందని ఎత్తులో ఉండాలి. యూకలిప్టస్ నూనె విషయంలో మరీ జాగ్రత్త.

• బత్తాయికి లవంగాలు గుచ్చి వేలాడదీస్తారట. మేం చేస్తే కుళ్ళింది.
- ఒక విద్యార్థిని, మొఘల్‌పుర

పండు మెత్తనిదో, లవంగాలు సారం లేనివో అయివుంటాయి. కమలా తొక్క వదులుగా ఉంటుంది, లోపల తడి నిలుస్తుంది. తొక్క బిగువుగా ఉన్న చిన్న బత్తాయి తీసుకోండి. లవంగాలను ముందు గ్లాసుడు నీళ్ళలో వేసి చూడండి. నూనె ఉన్నవి మునుగుతాయి, నూనె పిండేసినవి పైన తేలతాయి. మునిగినవాటిని తుడిచి ఆరబెట్టి వాడండి. టూత్‌పిక్‌తో ముందుగా రంధ్రాలు చేసి గుచ్చితే వేళ్ళు నొప్పెట్టవు. తొక్క దాదాపు కనబడనంత దగ్గరగా గుచ్చాలి, ఎడం వదిలినచోటే బూజు మొదలవుతుంది. దాల్చిన పొడి, కచ్చూరాల పొడి కలిపిన పళ్ళెంలో దొర్లించి, కాగితపు సంచిలో వేసి గాలి తగిలేచోట ఉంచండి. రోజూ తిప్పుతూ నాలుగైదు వారాలు ఆగితే పండు సగానికి కుంచించుకుని చెక్కలా గట్టిపడుతుంది. మధ్యలో ఎక్కడైనా మెత్తగా తగిలిందంటే దాన్ని పారేసి, మిగతావాటిని వేరే సంచిలోకి మార్చండి.