గణాంక సాఫ్ట్‌వేర్ లైబ్రరీల కొత్త విడుదల: ప్రణాళిక, పరీక్షలు, పరిశోధకుని బాధ్యత

క్షేత్ర ప్రయోగాలలో మళ్ళకు ట్రీట్‌మెంట్ల కేటాయింపు మొదలు అనోవా పట్టిక వరకు అనేక పనులు నేడు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలపై ఆధారపడి ఉన్నాయి. అట్టి లైబ్రరీకి కొత్త విడుదల వెలువడినప్పుడు అదే దత్తాంశం, అదే ప్రోగ్రాం వేరొక ఫలితాన్ని ఇవ్వవచ్చును. కావున విడుదలను ప్రణాళికాబద్ధంగా చేయుట పరిశోధన విశ్వసనీయతకు సంబంధించిన విషయం.

విడుదల సంఖ్య

సాధారణంగా విడుదల సంఖ్యలో మూడు భాగాలు ఉంటాయి. పాత ప్రోగ్రాంలతో పొసగని మార్పులు చేసినప్పుడు మొదటి అంకె, కొత్త సౌకర్యాలు చేర్చినప్పుడు రెండవ అంకె, దోషాలను మాత్రమే సవరించినప్పుడు మూడవ అంకె పెరుగుతుంది. అయితే అన్ని ప్రాజెక్టులూ ఈ నియమాన్ని కచ్చితంగా పాటించవు. 2019 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్ 3.6.0 ఇందుకు నిదర్శనం. యాదృచ్ఛిక ఎంపికకు వాడే ‘శాంపుల్’ ఫంక్షన్‌లోని పాత పద్ధతి చాలా పెద్ద సమూహాలలో అన్ని సంఖ్యలకు సమాన అవకాశం ఇవ్వడం లేదని గుర్తించి, ఈ విడుదలలో దానిని మార్చారు. మొదటి అంకె మారలేదు. కాని అదే సీడ్ సంఖ్య ఇచ్చినప్పటికీ మళ్ళ అమరిక మారిపోయింది. పాత అమరికలు చెల్లనివి కావు. వాటిని తిరిగి రాబట్టుటకు పాత పద్ధతిని కోరే వెసులుబాటును కూడా నిర్వాహకులు ఉంచారు. మార్పు అనివార్యమైనప్పుడు వెనుకకు దారి ఉంచుట మంచి ప్రణాళికకు మొదటి లక్షణం.

దశలవారీ పరీక్ష

వరి వంగడం విడుదలకు ముందు బహుళ ప్రాంతీయ పరీక్షలు, అటుపై రైతుల పొలాల్లో చిరుసంచుల ప్రయోగాలు జరుగుతాయి. లైబ్రరీకి కూడా ఇట్టి దశలు అవసరం. ఆర్ ప్రాజెక్టులో ఏటా వసంతంలో వచ్చే విడుదలకు సుమారు నాలుగు వారాల ముందు ఆల్ఫా, రెండు వారాల ముందు బీటా, వారం ముందు తుది ముసాయిదా వెలువడతాయి. దశ ముందుకు సాగేకొద్దీ అనుమతించే మార్పులు తగ్గుతాయి. చివరి వారంలో తీవ్ర దోషాల సవరణకే చోటు.

ఒక లైబ్రరీపై మరెన్నో ప్యాకేజీలు ఆధారపడతాయి. క్రాన్ భాండాగారంలోనే 20,000కు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. అందువలన విడుదలకు ముందు ఆధారిత ప్యాకేజీలను కొత్త రూపంతో నడిపి చూచి, చెడినవాటి నిర్వాహకులకు తగిన వ్యవధితో తెలియజేయవలెను.

ముందస్తు హెచ్చరిక

ఒక ఫంక్షన్‌ను ఒక్కసారిగా తొలగించరాదు. అది త్వరలో నిలిచిపోతుందన్న హెచ్చరిక వాడుకరి తెరపై కనిపించాలి. నంపై ప్రాజెక్టు కనీసం రెండు విడుదలల పాటు అట్టి హెచ్చరిక ఉండవలెనని నియమం పెట్టుకొన్నది. 2006 నాటి 1.0 తరువాత 2024 జూన్‌లో 2.0 వెలువరించినప్పుడు, మార్పుల జాబితాతో పాటు పాత ప్రోగ్రాంలను సవరించుకొనే మార్గదర్శిని కూడా ఇచ్చింది.

కనిపించని మార్పులు మరింత ప్రమాదకరం. ఆర్ 4.0.0 (2020 ఏప్రిల్) నుండి పట్టికలోని అక్షర నిలువు వరుసలు తమంతట తామే ఫ్యాక్టర్లుగా మారడం నిలిచిపోయింది. ఆ మార్పిడిలో స్థాయిల వరుస కంప్యూటర్ భాషా అమరికను బట్టి మారే అవకాశం ఉండటమే ఇందుకు ఒక కారణం. మార్పు సమంజసమే. కాని ట్రీట్‌మెంట్ వరుస నుండి స్థాయిలను నేరుగా అడిగే పాత ప్రోగ్రాంకు ఇప్పుడు సమాధానం శూన్యం. దోష సందేశం రాని చోట పరిశోధకుడు దీనిని గుర్తించలేకపోవచ్చును.

పరిశోధకులకు సూచనలు

1. సిద్ధాంత గ్రంథంలో సాఫ్ట్‌వేర్ పేరుతో పాటు విడుదల సంఖ్య, ప్యాకేజీల సంఖ్యలు తప్పక పేర్కొనాలి.
2. సీడ్ సంఖ్యతో సరిపెట్టక, మళ్ళ అమరిక పటాన్నే భద్రపరచాలి.
3. ప్రయోగం ముగిసి విశ్లేషణ పూర్తయ్యే వరకు విడుదలను మార్చరాదు. మార్చవలసి వస్తే ఫలితం తెలిసిన పాత దత్తాంశంతో ముందుగా సరిచూడాలి.
4. ముసాయిదా దశలోనే తమ ప్రోగ్రాంలను నడిపి, దోషాలను నిర్వాహకులకు తెలపాలి.

చిరుసంచి తీసుకొన్న రైతు ఇచ్చే సమాచారంతోనే వంగడం గుణదోషాలు తేటపడినట్లు, వాడుకరుల పరీక్షతోనే లైబ్రరీ విడుదల పరిపూర్ణమవుతుంది.