ఎండకు కాగిన నీటితో కరెంటు తీయవచ్చునా?



గత వేసవిలో చెన్నేకొత్తపల్లి దగ్గరి ఒక గ్రామమునుండి ఒక రైతు నాయొద్దకు వచ్చెను. ఆయన చేతిలో ఒక కరపత్రము ఉండెను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పుగల అద్దపు పెట్టెలో ఎండకు నీరు కాచి, ఆ వేడితో చిన్న యంత్రమును త్రిప్పి, అయిదు హార్సుపవరు బోరు మోటారును నడిపెదమని అందు వ్రాసియుండెను. ఆ రైతు మందలో సగము గొర్రెలను అమ్మి బయానా కట్టుటకు సిద్ధపడియుండెను.

"సార్, మిద్దె మీద ట్యాంకులో నీళ్లు చేయి పెడితే కాలిపోతాండాయి. ఆ కాలంలో ధర్మవరం జంక్షనులో రైలింజన్లు ఆవిరితోనే నడిచె కదా. మా బోరు మోటారు ఎందుకు నడవదు?" అని ఆయన అడిగెను.

ఇది మంచి ప్రశ్న. ఎండకు, నీటి కరవుకు పేరుపడిన మన ప్రాంతమున ఈ ఆలోచన ఎవరికైనను కలుగును. కావున ఆ రైతుకు కాగితముమీద లెక్క వేసి చూపినదానిని ఈ వ్యాసమున అందరికిని తెలుపుచున్నాను. కూడిక, తీసివేత, భాగహారము వచ్చినవారు ఎవరైనను దీనిని స్వయముగా వేసి చూచుకొనవచ్చును.

వేడి ఎంత అన్నది వేరు, ఎంత కాక అన్నది వేరు

మొదట ఒక భేదము తెలిసికొనవలెను. గంగాళము నిండుగా గోరువెచ్చని నీటిలో ఉన్న మొత్తము వేడి, ఎర్రగా కాలిన కమ్మీలో ఉన్నదానికంటె ఎక్కువగా ఉండవచ్చును. కాని కమ్మరి పని ఆ కమ్మీతో జరుగునుగాని గంగాళముతో జరుగదు. యంత్రమును త్రిప్పుటకు వేడి రాశి ఒక్కటే చాలదు; ఆ వేడికిని చుట్టుపట్ల చల్లదనమునకును నడుమ తేడా పెద్దదిగా ఉండవలెను. చెరువు నిండుగా ఉన్నను, తూము ఎత్తుగాను కాలువ పల్లముగాను లేనిచో నీరు పారదు. వేడికిని అదే న్యాయము.

ఈ తేడానుబట్టి అత్యుత్తమమైన యంత్రము సయితము వేడిలో ఎంత భాగమును పనిగా మార్చగలదో 1824లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు సాదీ కార్నో తెలిపెను. లెక్క సులభము. వేడిమిని సెంటిగ్రేడు డిగ్రీలలో తీసికొని దానికి 273 కలుపవలెను. వేడికిని చల్లదనమునకును గల తేడాను ఆ మొత్తముచేత భాగింపవలెను. చుట్టుపట్ల చల్లదనము 30 డిగ్రీలనుకొన్నచో,

60 డిగ్రీల నీటికి: 30ని 333 చేత భాగింపగా నూటికి 9 వంతులు.
90 డిగ్రీల నీటికి: 60ని 363 చేత భాగింపగా నూటికి 16 వంతులు.
180 డిగ్రీల ఆవిరికి: 150ని 453 చేత భాగింపగా నూటికి 33 వంతులు.
390 డిగ్రీల వేడికి: 360ని 663 చేత భాగింపగా నూటికి 54 వంతులు.

ఇవి గరిష్ఠములు. ఎంత నేర్పరి చేసిన యంత్రమైనను వీటిని దాటజాలదు. పెద్ద కర్మాగారములలోని టర్బైనులు ఈ హద్దులో మూడింట రెండు వంతులు పొందగలవు. చిన్న యంత్రములకు సగము దక్కుటయే కష్టము.

కరపత్రముపై లెక్క

పదడుగుల చదరపు పెట్టె అనగా సుమారు 9 చదరపు మీటర్లు. నడిమధ్యాహ్నము మంచి ఎండలో ఒక చదరపు మీటరుపై పడు శక్తి సుమారు ఒక కిలోవాట్టు. అనగా మొత్తము 9 కిలోవాట్లు. నీరు 90 డిగ్రీల వేడికి చేరునప్పుడు పెట్టెనుండి చాల వేడి గాలిలోనికి పోవును. సగము, అనగా నాలుగున్నర కిలోవాట్లు నీటిలో నిలిచినచో మేలురకపు పెట్టె అనవలెను. అందు నూటికి 16 వంతులు, అనగా ముప్పాతిక కిలోవాట్టుకంటె తక్కువ, యంత్రమునకు గరిష్ఠముగా దొరకును. చిన్న యంత్రము అందు సగము రాబట్టినచో మిగులునది కిలోవాట్టులో మూడవ వంతు. సుమారు అర హార్సుపవరు.

అయిదు హార్సుపవరు మోటారు సుమారు నాలుగున్నర కిలోవాట్ల కరెంటును తీసికొనును. కావున అట్టి పెట్టెలు ఒకటి గాదు, పన్నెండు పదమూడు కావలెను. అదియును నడిమధ్యాహ్నము మాత్రమే. ఈ లెక్క చూచి ఆ రైతు కరపత్రమును మడిచి జేబులో పెట్టుకొని, "గొర్రెలు మిగిలినాయి సార్" అనెను.

రైలింజను మాట

ఆవిరి రైలింజను నడిచినది నిజమే. కాని అందలి ఆవిరి వాతావరణపు పీడనమునకు పదింతలు, అంతకు మించిన పీడనముతో ఉండెడిది. బొగ్గు మంట దానిని అంత తీవ్రముగా కాచెడిది. అట్లయ్యును బొగ్గులోని వేడిలో నూటికి ఆరేడు వంతులు మాత్రమే చక్రములకు చేరెడివి.

తక్కువ వేడికి ఆవిరి పుట్టింపలేమా అని అడుగవచ్చును. పుట్టింపవచ్చును. పాత్రలోని గాలిని తీసివేసి పీడనమును అయిదవ వంతుకు తగ్గించినచో నీరు 60 డిగ్రీలకే మరుగును. కాని ఆ ఆవిరి మిక్కిలి పలుచన. ఒక కిలో నీటినుండి పుట్టిన అట్టి ఆవిరి ఏడున్నర ఘనపు మీటర్లకు పైగా చోటు ఆక్రమించును. పదింతల పీడనముగల 180 డిగ్రీల ఆవిరియైనచో అందు నలుబదవ వంతు చోటు చాలును. కావున తక్కువ వేడి ఆవిరికి యంత్రము పెద్దది కావలెను, పని కొద్దిగా జరుగును. ఈ చిక్కును తప్పించుటకే నీటికి బదులు పెంటేను వంటి, తక్కువ వేడికే మరుగు ద్రవములను వాడుచున్నారు. దానివలన యంత్రము చిన్నదగునుగాని కార్నో చెప్పిన హద్దు మారదు.

ఇదివరలో చేసి చూచినవారు

ఈ ప్రయత్నము క్రొత్తది కాదు. 1870 తరువాతి దశకమున బొంబాయిలో విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు అనేక అద్దములతో ఎండను బాయిలరుపై కేంద్రీకరించి రెండున్నర హార్సుపవరు ఆవిరి యంత్రమును నడిపెను. 1913లో అమెరికా దేశీయుడైన ఫ్రాంక్ షూమన్ ఈజిప్టులో కైరో దగ్గర మాదీ అను చోట, ఒక్కొక్కటి 62 మీటర్ల పొడవుగల అయిదు అద్దపు దోనెలతో తక్కువ పీడనపు ఆవిరిని పుట్టించి, నైలు నది నీటిని పొలములకు తోడించెను. ఆ యంత్రము పనిచేసెను. కాని 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది, పనివారు చెదరిపోయిరి. తరువాత చమురు చవుక యగుటచే దాని జోలికి ఎవరును పోలేదు.

ఇజ్రాయెలు దేశమున మృతసముద్రము దగ్గర ఉప్పునీటి చెరువులలో ఎండవేడిని నిలువచేసి కరెంటు తీసిరి. అడుగున చిక్కని ఉప్పునీరు ఉండుటచే అది కాగినను పైకి తేలదు. వేడి అడుగుననే నిలుచును. 1984లో అచ్చట బేత్ హఅరవా అను చోట 5 మెగావాట్ల కేంద్రము పనిచేయ మొదలిడెను. దానికి రెండు లక్షల చదరపు మీటర్లకు పైగా, అనగా సుమారు ఏబది ఎకరములకు మించిన చెరువు కావలసివచ్చెను. 1988లో దానిని ఆపివేసిరి. మన దేశమున గుజరాతులోని భుజ్ వద్ద 6,000 చదరపు మీటర్ల అట్టి చెరువునే త్రవ్విరి. అయితే అచ్చటివారు ఆ వేడినీటిని కరెంటుగా మార్చక, పాల డెయిరీలో వేడినీరుగానే వాడిరి. ఈ వివేకమును మనము గమనింపవలెను.

మన సీమలో జరిగినది

ఎండనుండి ఆవిరి ద్వారా కరెంటు తీయు పెద్ద కర్మాగారము మన ఉమ్మడి అనంతపురము జిల్లాలోనే నిర్మింపబడినది. పామిడి మండలము నాగలాపురము వద్ద 50 మెగావాట్ల కేంద్రము 2014లో విద్యుత్తును అందింప మొదలిడెను. అచ్చట నీటిని నేరుగా ఎండలో కాచుట లేదు. సూర్యునివెంట తిరుగు దోనె ఆకారపు అద్దములు ఎండను ఒక గొట్టముపై కేంద్రీకరించును. అందలి నూనె నాలుగువందల డిగ్రీలకు దరిదాపుగా కాగును. ఆ నూనె వేడితో ఆవిరి పుట్టి టర్బైనును త్రిప్పును. అనగా కాకను పెంచినందుననే ఆ పని సాధ్యమైనది.

ఇట్టి కేంద్రములలో మరొక చిక్కు కలదు. వాడిన ఆవిరిని మరల చల్లార్చవలెను. నీటితో చల్లార్చు పద్ధతిలో ఒక్కొక్క యూనిట్టు కరెంటుకు సుమారు 3 లీటర్ల నీరు ఆవిరైపోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమలో ఇది చిన్న మాట కాదు. బోరునీరు తోడుటకై బోరునీరు ఖర్చుచేయుట రైతుకు గిట్టదు.

కరెంటే కావలసినచో ఎండను నేరుగా కరెంటుగా మార్చు సోలారు పలకలు ఇప్పుడు అందుబాటులో నున్నవి. వాటికి వేడితో నిమిత్తము లేదు, వెలుతురే చాలును. కడుగుటకు తప్ప నీరు అక్కరలేదు. నంబులపూలకుంటలో 2016లో ఎన్.టి.పి.సి. ప్రారంభించిన 250 మెగావాట్ల కేంద్రము ఈ పలకలతోనే నిర్మింపబడినది. అయిదు హార్సుపవరు పంపుసెట్టుకు సుమారు 25 చదరపు మీటర్ల పలకలు చాలును. వేడినీటి యంత్రమునకైనచో సుమారు 115 చదరపు మీటర్ల పెట్టెలు కావలెనని పై లెక్కయే చెప్పుచున్నది.

వేడిని వేడిగానే వాడుడు

అట్లని ఎండకు కాగిన నీరు పనికిరానిదని తలంపరాదు. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచినచో అందు సుమారు 8 యూనిట్లకు సమానమైన వేడి చేరును. ఆ నీరు చల్లారుకొలది యంత్రపు బలము తగ్గును గనుక, చిన్న యంత్రముతో దానినుండి దక్కు కరెంటు యూనిట్టులో అయిదవ వంతు మాత్రమే. దానితో అయిదు హార్సుపవరు మోటారు మూడు నిమిషములైనను నడువదు. అదే నీటిని వేడినీరుగా వాడుకొన్నచో, హీటరుకు కాగల 8 యూనిట్లు పూర్తిగా మిగులును. కట్టెల పొయ్యిమీద కాచువారికి ఇంచుమించు 15 కిలోల కట్టె మిగులును. ఒకే నీటికి రెండు వాడుకల నడుమ నలుబది రెట్ల భేదము!

మన ప్రాంతమున వేడి అవసరమగు పనులు ఎన్నో కలవు.

1. పట్టు పరిశ్రమ: హిందూపురము మార్కెట్టుకు చేరు పట్టుగూళ్లను ఉడికించి దారము తీయుటకును, ధర్మవరములో పట్టు జిగురు తీసి రంగులద్దుటకును వేడినీరు నిత్యము కావలెను. మరుగుటకు దగ్గరి వేడి కావలసినచోట సయితము, ముందుగా ఎండకు 60 డిగ్రీలకు కాచిన నీటిని తొట్టిలో పోసినచో కట్టె ఖర్చు సగమునకు దిగును.

2. పాడి: పాలక్యానులు, పితికెడి పాత్రలు వేడినీటితో కడిగినచో పాలు త్వరగా విరుగవు.

3. వేరుశనగ: కాయ కోసిన తరుణమున వాన పట్టినచో తేమ నిలిచి బూజు పట్టును, దానివలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. పాలిథీను కప్పిన సోలారు ఆరబెట్టు గదిలో వెచ్చని గాలి ఆడునట్లు చేసినచో కాయ దక్కును. విత్తనమునకు ఉంచు కాయను మాత్రము మితిమీరిన వేడికి గురిచేయరాదు, మొలకశక్తి చెడును.

ఆవిరిని సయితము ఇట్లే వాడవచ్చును. 2002లో తిరుమలలో 106 అద్దపు పళ్లెములతో ఎండనుండి 180 డిగ్రీల ఆవిరి పుట్టించి, దినమునకు 15,000 మందికి భోజనము వండు ఏర్పాటు చేసిరి. ఆ ఆవిరితో టర్బైను త్రిప్పలేదు; అన్నమే వండిరి.

అమ్మకందారుని అడుగవలసిన ప్రశ్నలు

ఎవరైనను ఎండవేడితో కరెంటు యంత్రము అమ్మజూపినచో, బయానా ఇయ్యకముందే ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు.

1. వేడి ఎన్ని డిగ్రీలు? చల్లార్చు చోట ఎన్ని డిగ్రీలు?
2. ఎండ పట్టు తలము ఎన్ని చదరపు మీటర్లు?
3. దినమునకు నికరముగా ఎన్ని యూనిట్లు వచ్చును? యంత్రములోని పంపులు వాడుకొను కరెంటును తీసివేసి చెప్పుమనవలెను.
4. చల్లార్చుటకు ఎన్ని లీటర్ల నీరు పట్టును?
5. ఇదే యంత్రము ఇదివరకే ఏ పొలములో నడుచుచున్నది? మనము పోయి ఒక దినము మీటరు చూడవచ్చునా?

మొదటి రెండింటికి జవాబు దొరికినచో మూడవ జవాబు నిజమో కాదో మీరే లెక్క వేసి తేల్చుకొనగలరు.

ఒక హెచ్చరిక. మూతబిగించిన డ్రమ్ములో నీటిని కాచి ఆవిరి పుట్టించు ప్రయోగము ఇంటివద్ద ఎన్నటికిని చేయరాదు. 180 డిగ్రీలకు చేరిన ఆవిరి పీడనము వాతావరణమునకు పదింతలగును. డ్రమ్ము పగిలినచో ప్రాణము పోవును. బాయిలరు పని తనిఖీ పొందిన బాయిలరుతో, శిక్షణ గలవారే చేయవలెను.

ఎండ మనకు ఉచితముగా వచ్చుచున్నది. దానిని పట్టు సాధనము మాత్రము ఉచితముగా రాదు. కావున వేడి కావలసిన పనికి వేడినే, కరెంటు కావలసిన పనికి సోలారు పలకలనే వాడుటయందు లాభము కలదు. సందేహము కలిగినచో యంత్రము కొనకముందే సమీపములోని వ్యవసాయ పరిశోధన స్థానమునకుగాని, కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని ఆ కరపత్రమును తీసికొని రండు. లెక్క వేయుటకు పావుగంట చాలును. అమ్మిన గొర్రెల మందను మరల పెంచుటకు ఏండ్లు పట్టును.